కంప ముందర నిమ్మకాయలు

నీళ్లు లేని వంక ఇసుకలో బండి కూరుకుపోగానే హరినాథ్ కిందికి దిగి, వెనక కూర్చున్న ఆడవాళ్లను ముందుగా క్షమించమని అడిగాడు. వాళ్లు నవ్వారు. దిగబడింది బండి అయితే మాకెందుకు చెప్పుకుంటావు సారూ అని సుంకమ్మ అంది. నవ్వుతూనే కొంగులు నడుముకు దోపుకుని గట్టు మీది కానుగ కొమ్మలు విరిచారు. వాటిని చక్రాల కింద పరిచి, బండి వెనక భుజాలు ఆనించి నెట్టారు. టైర్లు కొమ్మలను పట్టుకుని మెల్లగా పైకి లేచాయి. గట్టెక్కాక చూస్తే అందరి చీరల నిండా ఇసుక. ఒకరి వీపు ఒకరు దులుపుకుంటూ మళ్లీ ఎక్కారు.

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్ గేటు అప్పటికే మూసేశారు. గేటు దగ్గర సూపర్‌వైజరు గట్టిగా అరవలేదు. ఇంకొక్క రోజు ఇట్లా ఆలస్యమైతే గుండ్లమిట్ట ఊరివాళ్ల మిషన్లన్నీ వేరేవాళ్లకు ఇచ్చేస్తానని మామూలుగానే చెప్పాడు. సోమవారం పెద్ద ఆర్డరు మొదలవుతుంది, ఆ రోజు గేటు లోపల ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు అన్నాడు. అది శనివారం.

హరినాథ్ ఒంగి టైర్లు చూసుకున్నాడు. అరచేయి పెట్టి రుద్దితే నున్నగా తగిలాయి, అరిగిన సానరాయిలాగా.

ఆ బండి నిజానికి ఆయన భార్య రేఖది. రేఖ గుండ్లమిట్ట బడిలో టీచరు. కాపురం రాయదుర్గంలో, మిట్టకు బస్సు లేదు. తాడిపత్రి వైపు ఎవరిదో రాళ్ల గని మూతపడి సామాను అమ్ముకుంటుంటే, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఈ పికప్‌ను తనే పోయి చూసి కొనుక్కొచ్చింది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునే హరినాథ్ అప్పుడు నవ్వాడు. చీర కట్టుకుని ఇంత బండి ఏం తోలుతావన్నాడు. ఆమె తోలింది. జ్వరమని ఆసుపత్రిలో చేరి తిరిగి రాని ఆ వారం వరకూ తోలుతూనే ఉంది. ఆమె పొట్టి మనిషి. డ్రైవరు సీటును స్టీరింగు దగ్గరికి బాగా జరుపుకునేది. రెండేళ్లుగా హరినాథ్ ఆ సీటును వెనక్కి జరపలేదు. మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నా అట్లాగే ముడుచుకుని తోలుతున్నాడు.

రేఖ పోయాక ఆ బండిని ఏం చేయాలో ఆయనకు తోచలేదు. ఏం చేయాలో మహేశ్వరి వచ్చి చెప్పింది. రేఖ దగ్గర చదువుకున్న పిల్ల, పెళ్లయ్యాక మిట్టలోనే ఉండిపోయింది. ఊరి ఆడవాళ్లలో యూనిట్‌లో మొదట చేరింది తనే, మిగతావాళ్లను తీసుకుపోయిందీ తనే. టీచరమ్మ ఉన్నప్పుడు పిల్లల కోసం వచ్చేది, మీరు మా కోసం రండి సారూ అని అడిగింది. ఆయన సరే అన్నాడు. అప్పటినుంచి పొద్దున లేవడానికి ఒక కారణం దొరికింది. డాష్‌బోర్డు మీద ఎవరో ఒకరు గుప్పెడు వేయించిన చెనక్కాయలు పెట్టిపోతారు. ఎవరు పెట్టారో చెప్పరు. ఆయనా అడగడు.

మిట్ట నుంచి తారు రోడ్డుకు అసలు దారి వంక కాదు. నల్లరేగడి చేలల్లో తాతల కాలం నుంచీ ఉన్న బండ్ల బాట ఒకటి ఉంది. ఇప్పుడు దానికి రెండు పక్కలా విష్ణువర్ధన్ దానిమ్మ తోట, తోటకు తీగ కంచె. నిరుడు కాయ కోతకు వచ్చినప్పుడు ఆయన మిట్టకు మనిషిని పంపాడు. ముందు తన తోట కోసి, తరువాత ఎక్కడికైనా పోండి అని ఆడవాళ్లకు కబురు. వాళ్లు రామన్నారు. నీడలో ఫ్యాను కింద కుర్చీలో కూర్చునే పని వదులుకుని ఎండలో ముళ్లచెట్ల మధ్య ఎవరు నిలబడతారు? మరునాడు తెల్లారేసరికి బాటకు అడ్డంగా కంప పడి ఉంది. సర్కారు తుమ్మ కొమ్మలు, నడుమెత్తున.

కంపంటే ఆ సీమలో గోడ కన్నా ఎక్కువ. గోడ కడితే సర్వేయరును కొలతలకు రమ్మని అడగొచ్చు. ఒకరు వేసిన కంపను ఇంకొకరు చేత్తో తీస్తే మాత్రం అది కొట్లాటకు పిలిచినట్టే. అందుకని తీసేవాళ్లు లేరు, వేసినవాడు తీయడు. హరినాథ్ మండలాఫీసుకు పోయి చెప్పి వచ్చాడు. చూస్తామన్నారు. ఏడాదిగా చూస్తూనే ఉన్నారు. గొడవెందుకని ఆయన బండిని వంకలోకి మళ్లించాడు. దూరమైనా ఇసుకైనా, ఎవరి మాటా పడకుండా పోవచ్చని.

ఆదివారం పొద్దున ఆయన రాయదుర్గంలో ప్రవీణ్ టైర్ల అంగడికి పోయాడు. ప్రవీణ్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. బండి చుట్టూ తిరిగి టైర్లు చూసి, ఇవి ఇంతకాలం పగలకపోవడం మీ మంచితనం సార్ అన్నాడు. ఆ తరువాత ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

“యా దావలో తిరుగుతాది సార్ బండి? అది చెప్తే టైరు నేను చెప్తా.”

“వంకలో” అన్నాడు హరినాథ్. “అంతా ఇసుక.”

ప్రవీణ్ లోపలినుంచి వెడల్పాటి టైరు ఒకటి దొర్లించుకొచ్చాడు. పెద్ద పెద్ద నాయకులు తమ కార్లకు వేసుకునే రకం. చాటంత పాదం కాబట్టి ఇసుకలో దిగబడదని, గాలి కొంచెం దించుకుంటే ఇంకా బాగా తేలుతుందని చెప్పాడు. తారు రోడ్డు మీద చప్పుడుండదు, కూర్చున్నవాళ్లకు కుదుపుండదు. ఒక్కటే లోపం, దీని పక్కలు పల్చన. రాయి కోసుకున్నా ముల్లు దిగినా తట్టుకోలేదు. ఇసుకకే అయితే దీన్ని మించింది లేదు.

హరినాథ్‌కు అది నచ్చింది. మెత్తగా, చప్పుడు లేకుండా, ఎవరికీ అడ్డం రాకుండా పోయే టైరు. దాని మీద చేయి వేసి, ఇవే వేసేయమని చెప్పబోతున్నాడు.

అప్పుడే మహేశ్వరి, సుంకమ్మ సంత సంచులతో అంగట్లోకి వచ్చారు. బజార్లో బండి కనిపించి ఆగారట. సుంకమ్మకు అరవై దగ్గర పడ్డాయి. యూనిట్‌లో కుట్టదు, కుట్టిన పేంట్లకు దారాలు కత్తిరిస్తుంది. ఆమె టైర్ల దొంతి చూసుకుని దాని మీదే కూర్చుంది. మహేశ్వరి వెడల్పాటి టైరును పక్క నుంచి నొక్కి చూసింది, పై నుంచి నొక్కి చూసింది. గోడకు ఆనించిన ఇంకో రకాన్ని చూపించి, రబ్బరు ఇట్లా గడ్డలు గడ్డలుగా ఉందేమిటని అడిగింది.

“వాటిని బటన్ టైర్లంటారక్కా” అన్నాడు ప్రవీణ్.

“మేము దినామూ కుట్టేటివే గదప్పా” అంది సుంకమ్మ. “ఇంత లావు బటన్లు యా రాక్షసుని పేంటుకు?”

ప్రవీణ్ నవ్వుకుంటూ వివరం చెప్పాడు. బటన్లు మరీ ఎడంగా, మరీ పొడుగ్గా ఉంటే ఉత్త బురద టైర్లు. రేగడిలో బంకమట్టిని విదిలించుకుంటూ పోతాయి, కానీ తారు మీద పెద్ద రొద చేస్తాయి, తొందరగా అరుగుతాయి. ఆ బురద టైరుకూ ఈ వెడల్పు టైరుకూ మధ్య రకం ఒకటుంది. బటన్లు మందంగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. పొరలు ఎక్కువ, పక్కలు గట్టి. వెడల్పు మాత్రం మామూలే, కాబట్టి బురద మీద తేలి జారకుండా కిందున్న గట్టినేలను అందుకుంటాయి. వానకు, ఎండకు, రాయికి, తారుకు, అన్ని కాలాలకూ పనికొచ్చేవి అవే. ఇసుకలో మాత్రం వెడల్పు టైరంత సుఖం కాదు. సార్ వంకలోనే తిరుగుతానన్నారు కాబట్టి అవి చూపించలేదు అన్నాడు.

మహేశ్వరి హరినాథ్ వైపు తిరిగింది.

“సారూ, ఆయప్ప అడిగినదానికి మీరు సరిగ్గా చెప్పల్యా.”

“ఏం చెప్పలేదమ్మా?”

“యా దావ అని అడిగినాడు. మీరు వంక అన్నారు. వంక మన దావ కాదు సారూ. మనం తప్పుకోని పోయే దావ. రేపు వాన పడితే వంక నీళ్లది అయితాది. అప్పుడు యాడ పోతాం? మన దావ బాట. టైర్లు బాటకు కొనండి.”

ప్రవీణ్ చేతిలో టైరు అలాగే ఆగింది. విష్ణువర్ధన్ వాళ్ల బండ్లన్నిటికీ టైర్లు అతని అంగడివే. గొంతు తగ్గించి, బాట మీద కంప ఉంది కదా, అది విష్ణువర్ధనన్న కంప కదా అన్నాడు.

“కంపకు పేరుంటాదాప్పా?” అంది మహేశ్వరి. “అన్నీ ముండ్లే గదా. ముల్లు దిగని టైరు ఉండాదా లేదా, అది చెప్పు.”

ప్రవీణ్ మధ్యరకం టైరును ముందుకు దొర్లించి, ఉందని చెప్పాడు. చెప్పాక ఇద్దరూ హరినాథ్ వైపు చూశారు.

ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో ఆయన ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. దాన్ని మంచితనం అనుకున్నాడు, జనమూ అట్లాగే అన్నారు. కానీ ఏడాదిగా రోజూ వంకలో దిగి బండిని నెట్టింది ఆయన కాదు. ఆయన మంచితనానికి ఇసుక అంటింది వీళ్ల చీరలకు. ఆ సంగతి ఎవరూ దెప్పలేదు. చెనక్కాయలు మాత్రం పెట్టారు.

గ్లాసు కింద పెట్టి, ఆ మధ్యరకం వేయి ప్రవీణ్, నాలుగింటికీ అన్నాడు.

టైర్లు ఎక్కించాక ప్రవీణ్ అలవాటు ప్రకారం నిమ్మకాయలు తెచ్చాడు. కొత్త టైరు మొదట తొక్కాల్సింది నిమ్మకాయను. చక్రానికొకటి పెట్టమని మహేశ్వరి చేతికి ఇవ్వబోయాడు. సుంకమ్మ అప్పటికే లేచి, ఎవరూ చెప్పకుండానే, అంగడి మూలకు జరిగి నిలబడింది. మొగుడు పోయిన మనిషి ఇట్లాంటివాటికి ఎదురుండకూడదని ఆమె ఒంటికి అలవాటైపోయింది. హరినాథ్ ఆ జరగడం చూశాడు. రేఖ పోయాక ఎన్ని గృహప్రవేశాలకు పోయాడు, ఎన్నిసార్లు కొబ్బరికాయ కొట్టాడు. పక్కకు జరగమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన కాళ్లు తమంతట తామూ జరగలేదు.

ఆయన ప్రవీణ్ దగ్గర నిమ్మకాయలు తీసుకుని మూలకు పోయి సుంకమ్మ చేతుల్లో పోశాడు.

“నువ్వు పెట్టు సుంకమ్మా.”

ఆమె వాటిని చూసింది. వద్దనలేదు, పెట్టలేదు. కొంగున మూటగట్టుకుంది.

“ఈడొద్దు సారూ. ఆడ పెడ్తా. కంప ముందర.”

సాయంత్రం వాళ్లిద్దరినీ ఎక్కించుకుని వంకదారినే మిట్టకు పోయాడు. ఇసుకలో టైర్లు కొంచెం మొరాయించినా ఆగలేదు. మిట్ట చేరేసరికి కర్ణాటక వైపు ఆకాశం నల్లబడింది. తిరిగి బయలుదేరకముందే వాన పట్టుకుంది. ఎన్నాళ్లుగానో రాని వాన. జనం తడుస్తూ వాకిళ్లలో నిలబడ్డారు, తడవొద్దని ఎవరూ ఎవరినీ లోపలికి పిలవలేదు. హరినాథ్ రేఖ బడి వరండాలో చాప వేసుకుని పడుకున్నాడు. ఎవరో దుప్పటి తెచ్చి కాళ్ల మీద కప్పి పోయారు.

తెల్లవారి చూస్తే వంక ఎర్రగా, ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. ఇక ఆ దారి లేదు. నడిచిపోదామంటే తారు రోడ్డు చాలా దూరం, రేగడిలో అడుగుకొక మట్టిపెళ్ల కాలికి అంటుకుంటుంది, గేటు మూసేలోపు చేరేది లేదు. ఆడవాళ్లు టిఫిన్ బాక్సులు పట్టుకుని బండి దగ్గర నిలబడ్డారు. అందరూ ఎక్కాక హరినాథ్ బండిని బాట వైపు తిప్పాడు.

తోట మొదట్లో కంప. వానకు తడిసి నల్లగా మెరుస్తోంది. దాని అవతల, కంచె పక్కన, విష్ణువర్ధన్ నిలబడి ఉన్నాడు. వానకు ఎన్ని కాయలు పగిలాయో చూసుకోవడానికి వచ్చినట్టున్నాడు, చేతిలో పగిలిన దానిమ్మకాయ ఉంది. నిద్ర లేని ముఖం. కోసే మనిషి లేక తోటలో కాయలు ఎర్రగా వేలాడుతున్నాయి, కొన్ని నేల మీద. ఒక్క క్షణం హరినాథ్‌కు ఆయన మీద జాలి కలిగింది.

“సారూ” అన్నాడు విష్ణువర్ధన్ మర్యాదగానే. “మీరు సదువుకున్నోళ్లు. మీకు చెప్పేది ఏముండాది. నా కంప మీద చెయ్యి పడితే బాగుండదు.”

హరినాథ్ నోరు తెరిచేలోపు మహేశ్వరి వెనకనుంచి దిగి వచ్చింది.

“మేము చెయ్యి పెట్టంలేన్నా. నీ కంప నీదే. యాడుండాదో ఆడే ఉండనీ.”

“మరి యాల వచ్చినారు?”

“పనికి పోతాండాం. బాట గదా ఇది.”

“నా తోట రాలిపోతాండాది, నీకు కనపడల్యా? ఈడ పని లేదని పోతాండారా మీరు? తరతరాలుగా మా చేలల్లో చేసినోళ్లే గదమ్మే మీరంతా.”

“చేసినాము. వచ్చే ఆదివారం మాకు సెలవు. కావాలంటే వచ్చి అడుగు, కూలి చెప్పు, ఇష్టమున్నోళ్లు వస్తారు. దావకు కంపేసి పిలిస్తే ఎవరొస్తారన్నా?”

మహేశ్వరి డ్రైవరు వైపు తలుపు దగ్గరికి వచ్చింది.

“సారూ, మీరు ఇట్ల జరగండి. నేను తోల్తా.”

ఆమెకు తోలడం వచ్చు. రేఖే నేర్పి, లైసెన్సు తీయించింది. అయినా ఇప్పుడా అన్నట్టు చూశాడు హరినాథ్.

“మీరు తోల్తే సారు తోలినట్ల అయితాది” అందామె. “రేపు మీరు రాకుంటే మళ్లీ కంపే. మా దావ మేము తోలుకోవాల.”

హరినాథ్ దిగి పక్క సీట్లోకి మారాడు. మహేశ్వరి ఎక్కి కూర్చుంది. ఆమె కాళ్లు నేరుగా పెడళ్లకు అందాయి. సీటు జరపాల్సిన పని రాలేదు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సుంకమ్మ బండి దిగి కొంగు ముడి విప్పింది. బురదలో వంగి ఒక్కో చక్రం ముందు ఒక్కో నిమ్మకాయ పెట్టింది. తొందరపడలేదు. ఒక కాయ పక్కకు దొర్లితే మళ్లీ సరిచేసింది. విష్ణువర్ధన్ ఏమిటిది అన్నట్టు చూశాడు. నీలాంటిది ఇట్లాంటివి చేయకూడదని అందామనుకున్నాడో ఏమో, ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు. పెట్టడం అయ్యాక ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, వెనక ఎక్కి, పోనీయమ్మా అంది.

నాలుగు చక్రాల బలం కలిపి, మహేశ్వరి బండిని చిన్న గేరులో వదిలింది. నిమ్మకాయలు చితికిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు. కంప విరిగిన చప్పుడు మాత్రం మిట్ట దాకా వినిపించి ఉంటుంది. కొమ్మలు పటపటమంటూ టైర్ల కిందికి పోయాయి, ముళ్లు బండి అడుగున గీరుకున్నాయి, ముందు భాగం లేచి మెల్లగా దిగింది. గాలి పోయిన శబ్దం వస్తుందేమోనని హరినాథ్ కిటికీలోంచి చెవి ఒగ్గాడు. రాలేదు. ఎవరూ కంప మీద చెయ్యి పెట్టలేదు.

కంప దాటాక రేగడి. అక్కడే బండి ఆగిపోతుందని విష్ణువర్ధన్ అనుకుని ఉంటాడు, కంచె వెంట కొంత దూరం నడుచుకుంటూ వచ్చాడు కూడా. బండి ఒకసారి పక్కకు జారింది. చక్రాలు తిరిగి, బటన్ల సందుల్లోంచి మట్టిపెళ్లలు గాల్లోకి లేచాయి. ముందు టైర్లకు గుచ్చుకుని వచ్చిన కంప రెమ్మలు బురదలో పడి, వాటి మీదికే వెనక చక్రాలు ఎక్కాయి. మొన్న వంకలో కానుగ కొమ్మలు పరిచినట్టే. బండి పట్టు దొరకబుచ్చుకుని ముందుకు పోయింది. తారు రోడ్డు ఎక్కేదాకా మహేశ్వరి స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకునే ఉంది. ఎక్కాక చెమట తుడుచుకుని, టీచరమ్మ క్లచ్చు మీదినుంచి కాలు తీయమని తిట్టేది సారూ అంది.

గేటు తెరిచే ఉంది. సూపర్‌వైజరు నిండా బురదకొట్టుకున్న బండిని చూసి పక్కకు తప్పుకున్నాడు. లోపలికి పోయేముందు సుంకమ్మ దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి, టైరు ముందు గొంతుక్కూర్చుని, దిగిన ముల్లునొకదాన్ని పట్టి లాగింది. ఇంకా ఇద్దరు కూర్చున్నారు. ముళ్లన్నీ రబ్బరు సగం మందంలోనే ఆగిపోయాయి, ఒక్కటీ లోపలికి పోలేదు. బెల్లు మోగేదాకా తీసి, నవ్వుకుంటూ లోపలికి పోయారు.

సాయంత్రం మహేశ్వరే తోలింది. తోట దగ్గరికి వచ్చేసరికి బాటకు అడ్డంగా కంప. కొత్తది, పచ్చిగా, పొద్దుటి కన్నా ఎత్తుగా. కంచె పక్కన ఈసారి ఎవరూ లేరు. హరినాథ్ ఆ కంప వైపు, దాని వెనక మెత్తబడి నీళ్లు నిలిచిన బాట వైపు చూశాడు. పొద్దున తాము ఎక్కడ జారారో అక్కడి దాకా పడి ఉన్నాయి కొమ్మలు.

“ఇదేందమ్మా” అన్నాడు మెల్లగా. “ఈయన మనకు రోడ్డు పరుస్తున్నట్టుంది.”

వెనకనుంచి సుంకమ్మ నవ్వు వినిపించింది. “దినామూ ఎయ్యనీ సారూ. ఎంత ఏస్తే దావ అంత గట్టిపడ్తాది.”

మహేశ్వరి గేరు మార్చింది. హరినాథ్ డాష్‌బోర్డు మీద చూశాడు. చెనక్కాయలున్నాయి. ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. ముందు చక్రాల కింద కంప విరగడం మొదలైంది.